సీసాకి పదిమంది

ఇంకా ఇద్దరు రావాలి. పదిమంది కానిదే సీసా మూత తియ్యరట, తీశాక గంటలోపల అయిపోవాలట, మిగిలితే పారబొయ్యడమేనట. ఎల్లో ఫీవర్ టీకా అంటే అంత అపురూపమని కౌంటర్ దగ్గర నర్సు పొద్దున్నుంచీ మూడుసార్లు చెప్పింది, మూడోసారి కాస్త విసుక్కుంటూనే చెప్పింది. కమల బెంచీ మీంచి కదలకుండా వరండా ఆ చివరిదాకా మళ్ళీ చూసింది. కాంగోకి పోతున్న జవాన్లు నలుగురు, కూర్చోవడం కూడా ఒక్క వరసలోనే. నైరోబీలో బావమరిది దుకాణం చూసుకోవడానికి వెళ్తున్న సర్దార్జీ ఒకాయన. ఘనాలో ఉద్యోగం వచ్చిన మలయాళీ అమ్మాయి, ఒళ్ళో ఫైలు, ఫైలు మీద చేతులు. తను. తన పక్కన ఆయన. ఎనిమిది. రండి బాబూ, ఎవరో ఒకరు రండి, ఇంత ఢిల్లీలో ఇంకో ఇద్దరికి ఆఫ్రికాలో పనే లేకుండా పోయిందా! జూలై ఉక్క, పైన ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది, ఒక్క వెంట్రుక కదలడం లేదు. ఈ రోజు మంగళవారం. టీకా వారానికి రెండే రోజులు వేస్తారు, మళ్ళీ శుక్రవారం. ఈ రోజు వేయించుకుంటే పదోరోజుకి, టీకా వేశాక ఇచ్చే ఆ పసుప్పచ్చ కార్డు చెల్లుతుంది, పదోరోజే విమానం. శుక్రవారానికి జరిగిందా, అంతే సంగతులు. కార్డు లేకుండా ఆ దేశాలు తిరిగొస్తే ఇక్కడ విమానాశ్రయం దగ్గరే ఆరురోజులు విడిగా కూర్చోబెడతారని వైశాలి చెప్పింది. ఆయన సంగతి తెలుసు కదా, అలాంటి మాట విన్నాక గడప దాటే మనిషి కాదు.

వైశాలి గుర్‌గావ్‌లో ట్రావెల్ ఆఫీసు పిల్ల. హన్మకొండ పిల్ల, కమల కూతురు ప్రణతి ఆఫీసుకి రెండు భవనాల అవతల. ఆంటీ ఆంటీ అంటూ నాలుగు నెలలు ఓపిగ్గా ఈ ప్రయాణం కుట్టింది. ఎన్నిసార్లు విప్పి మళ్ళీ కుట్టిందో ఆ తల్లి! ముందు నైరోబీలో ఒక రాత్రి, తర్వాత నకురు సరస్సు, అక్కడ నీళ్ళు కనపడనన్ని గులాబి కొంగలు, తర్వాత మసాయి మారాలో మూడు రాత్రులు, అక్కణ్ణించి జీపులోనే సరిహద్దు దాటి టాంజానియా, సెరెంగెటి, ఆ పైన చల్లారిన అగ్నిపర్వతం కడుపులో గోరోంగోరో, అందులో సింహాలు కాపురం ఉంటాయిట. కమల ఇదంతా స్కూలు నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది, పాతికేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పిన చెయ్యి కదా, ఊరి పేర్ల కింద గీత కూడా గీసింది. మారాలో రెండు రాత్రులు చాలన్నారు ఆయన. మూడు ఉండాలంది కమల. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడ పట్టుబట్టి గెలిచినవి మూడో నాలుగో ఉంటాయి, వాటిలో ఇదొకటి. ఎందుకు మూడంటే, వలసపోయే అడవి పశువుల మందలు అక్కడి నది ఎప్పుడు దాటుతాయో ఎవరూ చెప్పలేరు, ఒడ్డున నిలబడి నిలబడి వెనక్కి కూడా పోతాయి, ఒక రోజెక్కువుంటే కళ్ళ పడతాయేమోనని. ఆయన పట్టు ఆయనకుంది. అయిదు బసలకీ అయిదు ఉత్తరాలు రాయించారు: మాకు గుడ్డు పనికిరాదు, గుడ్డు వేసిన కేకు పనికిరాదు, గుడ్డు వేయించిన పెనం పనికిరాదు. గోరోంగోరో వాళ్ళు పాపం ఉడికించిన కూరలు మాత్రం పెట్టగలమని జవాబు రాశారు. వైశాలి నవ్వు ఆపుకుంటూ అది చదివి వినిపించి, ఆయన ఫోను మాట్లాడ్డానికి బయటికెళ్ళగానే ఒక కాగితం కమల ముందుకి తోసింది. టీకా గురించిన కాగితం. "ఆంటీ, ఈ మందు కోడిగుడ్లలో పెంచి తయారుచేస్తరు. అంకుల్‌కి చెప్పిన్రా మరి?" అంది మెల్లగా.

చెప్పలేదు. చెప్పేదే, రేపు చెబుదామని, ఎల్లుండి చెబుదామని, ఈలోగా ఆయన ఫైలు. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ అన్నాక దేశం దాటాలంటే పైనుంచి అభ్యంతరం లేదన్న కాగితం రావాలి. ఆ ఫైలు అంతస్తులు ఎక్కి దిగి, ఎవరి బల్ల మీదో పదకొండు రోజులు కునుకు తీసి, నిన్న సాయంత్రం నాలుగింటికి చేతికొచ్చింది. టీకా ముందే వేయించుకుందామండీ అంటే, అనుమతి రాకముందు సూది ఏమిటి, రాకపోతే ఏం చేస్తావు, వెనక్కి లాగేస్తావా అన్నారు. న్యాయమే, ఆయన న్యాయాలన్నీ ఇలాగే ఉంటాయి, కాదనడానికి ఉండదు, అవునంటే పని కాదు. పొద్దున్న ఫారాలు రెండూ ఆయనే నింపారు. వయసు, ఊరు, వెళ్ళే దేశం. గుడ్డు గానీ మరేదైనా గానీ పడదా అని ఒక గడి ఉంది. దాని దగ్గర కలం ఆపి, కళ్ళజోడు సర్దుకుని, ఫైలు మీద నోటు రాసినట్టు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాశారు: వర్తించదు, పుట్టింది మొదలు గుడ్డు ముట్టి ఎరగము. గడి చాలక పక్కనున్న ఖాళీలోకి కూడా పాకింది ఆ ముట్టి ఎరగము. కింద సంతకం, తేదీ. తర్వాత కమల ఫారం తీసుకుని అందులోనూ అదే రాశారు, అక్షరం పొల్లు పోకుండా. ఆవిడ చూస్తూ కూర్చుంది. ఆపలేకపోయింది.

ఎవరో దూదితో గడియారం కింది బల్ల తుడిచారు, స్పిరిట్ వాసన వచ్చింది. ఈ వాసన ఆవిడకి పాత స్నేహితురాలి లాంటిది, ఎప్పుడు తగిలినా అత్తగారు గుర్తొస్తారు. అత్తగారు, మాణిక్యాంబగారు. ఆవిడ లేకపోతే ఈ ప్రయాణమే లేదు, ఆ మాటకొస్తే కమలే లేదు. చివరి మూడేళ్ళూ తుంటి విరిగి మంచానికి అతుక్కుపోయి, చేతిలో జపమాల, ఎదురుగా టీవీ. భక్తి కార్యక్రమాలు పెడితే ఆ గొంతులు బాలేవనేది. సాయంత్రం నాలుగింటికి జంతువుల కార్యక్రమం వచ్చేది, హిందీలో, ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు, జంతువులకి మాత్రం వచ్చా ఏమిటే అనేది. అదిగో అక్కడ చూసింది, లక్షలు లక్షలుగా ఆ నల్లటి పశువులు, మూతి కింద గడ్డం వేలాడుతూ, నది ఒడ్డున ఆగి ఒకదాన్నొకటి తోసుకుంటూ. గడ్డం ఆవులు అని పేరు పెట్టింది ఆవిడే. మొసలి తల ఎత్తితే చచ్చినాడా, నీ దుంప తెగ అని తిట్టేది, మొదటి ఆవు నీళ్ళలో దూకగానే జపమాల పక్కన పడేసి మంచం పట్టె పట్టుకునేది. దాటిందా, దాటింది అత్తయ్యా. దూడ, దూడ కూడా దాటిందా, దాటింది. హమ్మయ్య. ఒకసారి అడిగింది, ఇదెక్కడే కమలా అని, ఆఫ్రికా అంటే, మన జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వెళ్తుందా అంది. ఇద్దరూ ఎంత నవ్వారో! నవ్వితే తుంటి నొప్పి పుట్టి అబ్బా అని, మళ్ళీ నవ్వి. అప్పుడే అనుకుంది కమల, ఎప్పటికైనా ఆ ఏటి ఒడ్డున నిలబడి, దాటాయి అత్తయ్యా అని ఒక్క మాట చెప్పాలని. పిచ్చి మాటే. రిటైరైన డబ్బులో మొదటి ఖర్చు ఇదే అంటే ప్రణతి, మమ్మీ, ఆర్ యూ సీరియస్ అంది, తర్వాత వచ్చి గట్టిగా వాటేసుకుంది.

కమలే లేదు అన్నది ఊరికే అన్న మాట కాదు. ప్రణతి పుట్టిన ఏడాది, ఆర్కే పురం క్వార్టర్లో, దగ్గు పట్టుకుని వదల్లేదు, సాయంత్రమైతే జ్వరం, ఫోటో తీస్తే ఊపిరితిత్తిలో మచ్చ. రోజూ సూది, గుప్పెడు మాత్రలు, మనిషి మంచం మీద పరిచిన చీరలా అయిపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు, రోజుకో గుడ్డు పెట్టండి, లేకపోతే ఈ మందులకి తట్టుకోదు అన్నాడు, ఆ మాట అన్నది అత్తగారితో, ఆ వేళకి ఆయన ఆఫీసులో ఉన్నారు. మడి కట్టుకోనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి. ఉల్లిపాయ తరిగిన కత్తిపీట వేరు, ఆవకాయ జాడీ దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. ఆవిడ భర్త, అంటే కమల మావగారు, సొంత అన్నగారు ఓడ ఉద్యోగం చేసొచ్చాడని ఏడాదిపాటు ఆ ఇంట మంచినీళ్ళు తాగలేదుట. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మాణిక్యాంబగారు రాత్రంతా వత్తులు చేస్తూ కూర్చుని, తెల్లారి కొడుకు ఆఫీసుకెళ్ళగానే ఎదురు వాటాలో అందరూ బీజీ అని పిలిచే పంజాబీ పెద్దావిడ తలుపు తట్టింది. భాష రాదు కదా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చూపించి, గుండె మీద చెయ్యేసుకుని దగ్గింది, తర్వాత తమ వాటా వైపు చూపించింది. ఆ బీజీ మహాతల్లి ఒక్క ప్రశ్న అడగలేదు. మర్నాటి నుంచి స్టీలు గ్లాసులో గుడ్డు, పైన చేతిరుమాలు. వెనక బాల్కనీలో కిరసనాయిలు స్టవ్వు మీద చిన్న సత్తుగిన్నెలో ఉడికించి, వాసన గిట్టక ముక్కుకి కొంగు బిగించి కట్టుకుని, అత్తగారు తన చేత్తో పెంకు ఒలిచేది. నేనొలుచుకుంటానంటే కోప్పడేది. మొదటి రోజు కమల ఏడ్చింది, వద్దు అత్తయ్యా, పాపం అని. "మందుకి మడేమిటే, నోరు తెరు" అంది ఆవిడ, చంటిపిల్లకి పెట్టినట్టు ముక్కలు చేసి, మిరియాలపొడి అద్ది. ఆరు నెలలు. ఒక్క రోజు తప్పలేదు. ఆయనకి తెలియనివ్వలేదు. వాడు చెడ్డవాడు కాదే, చాదస్తుడు, వాళ్ళ నాన్న పోలిక, తెలిస్తే నీ చేతి అన్నం తినడు, నీ కాపురం నా చేత్తో చెడగొట్టినట్టవుతుంది, చేతిలో చెయ్యి వెయ్యి అంది. కమల వేసింది. ఆ చెయ్యి తడిగా చల్లగా ఉండేది, ఎప్పుడూ పనిలో ఉండే చెయ్యి.

అమ్మ కన్నది ఒకసారి, ఈవిడ కన్నది ఆరు నెలలపాటు రోజూ. ఇది ఎవరితోనూ అనలేదు, అనడానికి లేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు మాత్రం ఆయుర్దాయం ఇమ్మని అడగడం మానేసింది కమల, ఇచ్చినదానికి దణ్ణం పెట్టి వచ్చేస్తుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా కాదు గానీ, మెట్లెక్కి ఆయాసం రానప్పుడు గుర్తొస్తుంది, స్కూల్లో నలభైమంది పిల్లలకి వినపడేలా పద్యం చదివినప్పుడు గుర్తొచ్చేది, ఈ ఊపిరి ఎవరు పోసిందో. పక్కన ఆయన పేపరు చదువుతున్నారు, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి. మంచివాడే. పాపం నాలుగు నెలల్నించీ మిద్దె మీద పొద్దున్నే నడుస్తున్నాడు, అక్కడ జీపులో నడుం పట్టేస్తుందేమోనని. కందిపొడి, అటుకులు, నీళ్ళు కాచుకునే కెటిల్ అన్నీ ఆయనే జాబితా రాశారు. ఇలాంటివాడికి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక మాట దాచిపెట్టి అన్నం వడ్డిస్తోంది. ఒక్కోసారి పెరుగన్నం కలుపుతూ చెప్పేద్దామనిపించేది, నోటిదాకా వచ్చేది, అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఆవిడ పోయాక కూడా ఆ గుమ్మంలోనే నిలబడి చూస్తున్నట్టుండేది.

గేటు దగ్గర ఆటో ఆగింది, ఇద్దరు దిగారు, మెడలో సంచులు, ఓడ మనుషులట, విశాఖపట్నం వాళ్ళేమో ఒకడు ఫోనులో తెలుగులో ఎవర్నో సముదాయిస్తున్నాడు. తొమ్మిది, పది. కమల వాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది, నాయనా మీ ఓడ చల్లగా ఉండాలి. నర్సు సీసా తీయించింది. జవాన్లు వెళ్ళి చొక్కా చేతులు దింపుకుంటూ వచ్చారు, సర్దార్జీ వెళ్ళాడు, మలయాళీ అమ్మాయి వెళ్ళింది. తర్వాత ఇద్దర్నీ కలిపి పిలిచారు.

డాక్టరమ్మది ప్రణతి వయసు. ఫారాలు చూసి, ముట్టి ఎరగము దగ్గర ఆగి, తలెత్తింది. అసలెప్పుడూ తినలేదా అని హిందీలో అడిగింది. ఎప్పుడూ లేదు మేడమ్, ఇద్దరం, అన్నారు ఆయన, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది కూడా. అయితే మీకు పడుతుందో పడదో నాకెలా తెలుస్తుంది అందావిడ. మందు గుడ్డులోనే తయారవుతుంది, తినే అలవాటున్నవాళ్ళకి నేరుగా వేసేస్తాను, లేనివాళ్ళకి ముందు చర్మం కింద ఒక చుక్క వేసి అరగంట చూడాలి, వాపు రాకపోతే మిగతాది. సీసా పన్నెండు దాకే పనికొస్తుంది, పదకొండున్నరలోపు చెప్పండి. ఆయన విన్నారు. మళ్ళీ అడిగారు, గుడ్డులోనా అని. గుడ్డులోనే. ముఖం ఎలా అయిపోయిందో చెప్పలేం, జాలేసింది కమలకి. లేచి నిలబడి, ఫారాలు రెండూ బల్ల మీంచి తీసుకున్నారు. "మాకొద్దు. పద కమలా," అన్నారు.

కమల లేవలేదు. మాకు అన్నాడు. ఆ మాటలో తనూ ఉంది, ఫారంలో ఉన్నట్టే. నది ఉంది ఆ వైపు, మూడు రాత్రులున్నాయి, అదంతా ఒక ఎత్తు. ఇంకొకటుంది. పుట్టింది మొదలు ముట్టలేదని సంతకం పెట్టి ఇక్కణ్ణించి వెళ్ళిపోతే, వెనక బాల్కనీలో ముక్కుకి కొంగు కట్టుకుని కూర్చున్న ఆవిడ అసలక్కడ కూర్చోనే లేదన్నమాట. చేతిలో చెయ్యి వేశాను అత్తయ్యా, నిజమే, కానీ మీరు చేసింది చెయ్యలేదని రాయించుకోలేను.

"మైనే ఖాయా హై," అంది డాక్టరమ్మతో. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. తర్వాత ఆయన వైపు తిరిగి తెలుగులో, "నేను తిన్నానండీ. ప్రణతి పుట్టినప్పుడు, జబ్బులో. ఆరు నెలలు, రోజుకొకటి. అత్తయ్యే పెట్టింది," అంది.

ఆయన ఫారాల్లో ఒకటి బల్ల మీద పెట్టేసి, రెండోది పట్టుకుని బయటికెళ్ళిపోయారు. సూది కమలకి తెలియనే లేదు. అరగంట వరండాలో కూర్చోమన్నారు, కూర్చుంది. బెంచీ మీద ఆయన పేపరుంది, మనిషి లేడు. గేటు దాకా చూసింది, లేడు. వెళ్ళిపోయాడా, బస్సెక్కేశాడా, ఇంటికెళ్ళి తనే వండుకుంటాడా, వాళ్ళ నాన్న ఏడాది మంచినీళ్ళు తాగలేదు. ఎందుకొచ్చిన ఆఫ్రికా, ఎందుకొచ్చిన ఆవులు. అనుకుంది గానీ, చెప్పినందుకు మాత్రం బాధ లేదు, వెతికి చూసుకుంది, లేదు, గుండెల్లో బరువు దిగి ఖాళీగా, కొంచెం భయంగా ఉంది, అంతే. పదకొండూ ఇరవైకి ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుస్తున్నారు, తుడిచినదే తుడుస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"నా చేతి అన్నం తినరని."

"అప్పుడైతే తినేవాణ్ణి కాదు," అన్నారు. అబద్ధమాడని మనిషి, ఆ ఒక్క సుగుణానికి కమల ఎన్నిసార్లో ఏడ్చింది, ఇప్పుడూ ఏడుపొచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకోకుండానే మాట్లాడారు, మాట్లాడుతూ ఆగుతూ. నువ్వు మందులు ఆపిన వేసవిలో అమ్మ కాశీ తీసుకెళ్ళమంది, గుర్తుందా, అంతకుముందు నాన్నతో వెళ్ళొచ్చావు కదా మళ్ళీ ఎందుకే అంటే వినలేదు. ఘాట్ మెట్ల మీద నిలబడి, కాశీకొచ్చినవాళ్ళు ఇష్టమైనదొకటి వదిలిపెడతారు కదా, మామిడిపండు వదిలేస్తున్నానంది. అమ్మకి మామిడిపండంటే ఏమిటో నీకు తెలుసు. ఏం చేశావే అంత తప్పు అన్నాను, నవ్వుతూనే అన్నాను. "ఒక తప్పు చేశాన్రా శంకరం, ఏమిటని అడక్కు. మళ్ళీ చెయ్యాల్సొస్తే మళ్ళీ చేస్తాను, అందుకే ఊరికే క్షమించమని అడగలేను, ఇది వదిలేస్తున్నాను" అంది. నేను అడగలేదు కమలా. నాన్న ఉన్నప్పటి సంగతేదో అనుకున్నాను. ఏదో చెప్పుకోలేనిది అనుకున్నాను. ఆవిడ పోయేదాకా, పోయాక కూడా, అమ్మని ఆ ఒక్క చోట...

ఆపేశారు. కమల లెక్క వేసుకుంది. ఇరవై నాలుగు వేసవులు. మే నెల వచ్చిందంటే బంగినపల్లి బుట్ట దగ్గర కూర్చుని అందరికీ ముక్కలు కోసిపెట్టి, టెంక కూడా నాకకుండా చేతులు కడుక్కునేది. తినండత్తయ్యా, ఒక్క ముక్క అని తను ఎన్నిసార్లు బతిమాలిందో, నాకు పడదులేవే అనేది. పడక కాదు. తనకోసం. గుడ్డు పెట్టడం ఒక్కటే తెలుసు ఇన్నాళ్ళూ, ఇది తెలియదు, ఆవిడ రెండుసార్లు ఇచ్చిందని తెలియదు. వరండాలో నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, ఆయనకి రాదు. చెయ్యి తెచ్చి ఆవిడ చేతి మీద పెట్టారు, సూది వేసిన చెయ్యని చూసుకుని మళ్ళీ రెండో చేతి మీదకి మార్చారు.

నర్సు గుమ్మంలోకి వచ్చి, టైమైపోతోంది అంకుల్‌జీ, ఏం చేస్తారు అంది. ఆయన లేచారు. లోపల డాక్టరమ్మ ఫారం తీసుకుని, ఇందులో గుడ్డుంది, తెలిసే వేయించుకుంటున్నారు కదా, తర్వాత నన్నంటే కుదరదు అంది. కమల గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన కుర్చీలో కూర్చుని ఎడమచేతి గుండీ విప్పుకున్నారు, ఆఫీసు హిందీలో, ఒక్కో మాటా కూర్చుకుంటూ చెప్పారు.

"మా ఇంట్లోకి అది ఎప్పుడో వచ్చింది డాక్టర్‌జీ, మా అమ్మే తెచ్చింది. నాకే ఇవాళ తెలిసింది. వెయ్యండి."